ఆకు అడుగున ఎవరున్నారు?

బెండ ఆకు అడుగున, కరివేపాకు కొమ్మ చివర, పూలకుండీ మట్టిలో మన కంటికి ఆనని ప్రాణులెన్నో కాపురముంటున్నాయి. కెమెరాకి ఒక చిన్న లెన్సు తోడైతే వాటి కళ్ళు, కోరలు, గుడ్లు, తిండి కోసం వాటి తిప్పలు అన్నీ బయటపడతాయి. మాక్రో ఫొటోగ్రఫీ చూపిస్తున్న ఆ లోకం గురించే ఈ వారం ముఖచిత్ర కథనం.

కిటికీ చువ్వల మీద, బాల్కనీ గోడ మీద రెండడుగులు నడిచి ఆగి, మళ్ళీ రెండడుగులు వేసే బూడిదరంగు చిన్న సాలీడును చూడనివాళ్ళు ఉండరు. అది గూడు అల్లుకుని కాచుక్కూర్చునే రకం కాదు. ఈగ కనబడితే ఎగిరి మీదికి దూకి పట్టే రకం. వేలు దగ్గరకి తెస్తే పారిపోదు. గిరుక్కున తిరిగి మనకేసి చూస్తుంది.

ఒళ్ళంతా కలిపినా దాని పొడవు సెంటీమీటరో, అంతకన్నా తక్కువో. మాక్రో లెన్సులోంచి చూస్తే మాత్రం ముందు కనబడేవి కళ్ళే. ముఖం మీద వరసగా నాలుగు. వాటిలో నడిమి రెండూ గుండ్రంగా, నల్లగా, ముఖమంతా తామే అన్నట్టు ఉంటాయి. తల పక్కల, వెనక మరో నాలుగు. చుట్టుపక్కల ఏది కదిలినా పసిగట్టడం చిన్న కళ్ళ పని. పసిగట్టినదాన్ని తేరిపార చూడటం పెద్ద కళ్ళ పని. ఆ పెద్ద కళ్ళ కటకాలు తలకి అతుక్కుపోయి ఉంటాయి, తిరగవు. వాటి వెనక పొడవాటి గొట్టాలు, ఆ గొట్టాల చివర రెటీనా ఉంటాయి. సాలీడు ఆ గొట్టాలను తలలోపలే అటూ ఇటూ జరుపుతూ చూస్తుంది. ఓపిగ్గా గమనిస్తే లెన్సులో కన్ను రంగు మారడం తెలుస్తుంది. చిక్కటి నలుపుగా ఉందంటే అది మనల్నే చూస్తోంది. గోధుమరంగులోకి తేలిందంటే చూపు పక్కకి మళ్ళింది.

అంత చిన్న ప్రాణి మనల్ని పరకాయించి చూసి, చాలనుకుని చూపు తిప్పుకోవడం ఒక్కసారి చూశాక దాని మీద చీపురు ఎత్తడానికి నాకైతే చేయి రాలేదు. దూకే సాలీళ్ళ కుటుంబంలో ఇప్పటివరకు గుర్తించిన జాతులు 6,000 పైచిలుకు. సాలీళ్ళ కుటుంబాల్లో ఇదే అన్నిటికన్నా పెద్దది. ప్రపంచంలో నమోదైన సాలీళ్ళ జాతుల సంఖ్య 2022 ఏప్రిల్‌లో 50,000 దాటింది. ఆ యాభై వేలోది కూడా దక్షిణ అమెరికాలో దొరికిన ఒక దూకే సాలీడే.

మాక్రో ఫొటోగ్రఫీ అనగానే అందరూ కెమెరాల గురించీ వాటి ధరల గురించీ మాట్లాడతారు. ఫొటోలు అందంగా ఉంటాయన్నదీ నిజమే. కానీ దాని అసలు ప్రయోజనం వేరు. పురుగు కనబడగానే మందు డబ్బా కోసం వెతికే చేయిని అది కాసేపు ఆపుతుంది. ఆ కాసేపట్లో మనం చూసేదే ఈ కథనమంతా.

వెంట్రుక మందమంత ఫోకస్

మాక్రోకి ఒక లెక్క ఉంది. పురుగు ఎంత పొడవుందో కెమెరా సెన్సర్ మీద దాని బొమ్మ కూడా సరిగ్గా అంత పొడవే పడితే అది 1:1. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. అంటే 1:1లో తీసినా 5 మిల్లీమీటర్ల సాలీడు ఫొటో వెడల్పులో ఏడో వంతుకి మించదు. ఆకు మీది నల్లి అర మిల్లీమీటరే కాబట్టి అది చుక్కలాగే మిగిలిపోతుంది. అందుకే ఈ రంగంలోవాళ్ళు 1:1తో ఆగరు. కెనన్ కంపెనీ 1999లో తెచ్చిన ఎంపీ-ఈ 65 ఎంఎం లెన్సు అసలు సైజు నుంచి ఐదు రెట్ల దాకా పెద్దది చేసి చూపిస్తుంది. ఐదు రెట్ల దగ్గర ఫ్రేమ్‌లో పట్టేది 7 మిల్లీమీటర్ల వెడల్పే. ఆ లెన్సుతో పెళ్ళి ఫొటో తీయలేం, కొండని తీయలేం. దూరాన ఉన్నదేదీ దానికి ఫోకస్ కాదు. పురుగుల కోసమే పుట్టిన లెన్సు అది.

దాన్ని కొనే స్తోమత అందరికీ ఉండదు, ఉండక్కర్లేదు కూడా. ఉన్న లెన్సు ముందు తగిలించే క్లోజప్ కటకాలు దొరుకుతాయి. రేనాక్స్ డీసీఆర్-250 అనే జపాన్ కటకం ఈ పనికి ఎంతోమంది మొదటి మెట్టు. లెన్సుకీ కెమెరా బాడీకీ మధ్య బిగించే ఖాళీ గొట్టాలు, అంటే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు, ఇంకో దారి. వాటిలో అద్దమే ఉండదు. లెన్సును సెన్సర్‌కి దూరం జరపడమే వాటి పని. అన్నిటికన్నా చవక మార్గం రివర్స్ రింగ్. దానితో లెన్సును తిరగేసి బిగిస్తారు, వెనక భాగం పురుగు వైపు ఉంటుంది. పాత ఫిల్మ్ కెమెరాల నాటి 50 ఎంఎం లెన్సు బీరువాలో మూలపడి ఉంటే ఈ పనికి అది బంగారం. ఎపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం) తిప్పే రింగు దాని ఒంటి మీదే ఉంటుంది కనుక తిరగేసినా అదుపు మన చేతిలోనే ఉంటుంది. ఇక సెల్‌ఫోన్లున్నాయి. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రో 2 సెంటీమీటర్ల దూరం నుంచి ఫోకస్ చేస్తుంది. అది లేనివాళ్ళకి ఏ ఫోనుకైనా తగిలించుకునే క్లిప్ లెన్సులున్నాయి. అక్షింతల పురుగు వీపు మీది చుక్కలు లెక్కపెట్టడానికి అవి సరిపోతాయి.

పెద్దది చేయడం సులువే. ఫోకస్ నిలబెట్టడమే కష్టం. 1:1 దగ్గర ఎపర్చర్ ఎఫ్/11 పెట్టినా స్పష్టంగా వచ్చే లోతు మిల్లీమీటరు పైచిలుకు. ఐదు రెట్ల దగ్గరకి వచ్చేసరికి అది మిల్లీమీటరులో పదో వంతుకి పడిపోతుంది, ఇంచుమించు ఒక వెంట్రుక మందం. సాలీడు కన్ను స్పష్టంగా వస్తే దాని వెనకే ఉన్న కాళ్ళు మసకబారతాయి. మనం ఊపిరి పీలిస్తే చాలు, ఫోకస్ జారిపోతుంది. ఎపర్చర్ ఇంకా మూద్దామంటే ఒక దశ దాటాక కాంతి వంగి ఫొటో మొత్తం మెత్తబడుతుంది. అందుకని ఒకే పురుగును కొద్దికొద్దిగా ఫోకస్ జరుపుతూ వరసగా ఎన్నో ఫొటోలు తీసి, ప్రతిదానిలోని స్పష్టమైన భాగాన్ని కంప్యూటర్లో ఒక్కటిగా కలుపుతారు. దీన్ని ఫోకస్ స్టాకింగ్ అంటారు. హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ అనే సాఫ్ట్‌వేర్లు ఈ పనికే ఉన్నాయి. చేతిలో కెమెరా పట్టుకుని, మోచేయి గోడకి ఆనించి, ఊపిరి బిగబట్టి కదలని పురుగును ఇలా తీసేవాళ్ళూ ఉన్నారు.

అయితే నన్నడిగితే మంచి మాక్రో ఫొటోకీ మామూలు ఫొటోకీ తేడా తెచ్చేది లెన్సు కాదు, వెలుగు. లెన్సు పురుగుకి అంత దగ్గరగా వెళ్ళాక ఎండ పడే చోటే ఉండదు. ఫ్లాష్ తప్పదు. ఫ్లాష్ నేరుగా పడితే పెంకు పురుగు నున్నటి వీపు మీద తెల్లటి మచ్చ పడి రంగులన్నీ చచ్చిపోతాయి. ఆ వెలుగును మెత్తబరచడానికి ఫ్లాష్‌కీ పురుగుకీ మధ్య ట్రేసింగ్ కాగితమో, పాల కవరు పొరో, పల్చటి తెల్లటి ఫోమ్ షీటో వంపుగా అమరుస్తారు. బజారులో దొరికే డిఫ్యూజర్లున్నా ఈ పని తెలిసినవాళ్ళు చాలామంది సొంతంగా చేసుకున్నదే వాడతారు. డిఫ్యూజర్ పురుగుకి ఎంత దగ్గరగా ఉంటే వెలుగు అంత మెత్తగా పడుతుంది. ఫ్లాష్ తక్కువ పవర్ మీద వెలిగే సమయం సెకనులో కొన్ని వేల వంతుల్లో ఒకటి మాత్రమే కాబట్టి ఆకు ఊగుతున్నా, చేయి వణికినా బొమ్మ నిలుస్తుంది.

ఇక వేళ. పురుగుల ఒంటికి సొంత వేడి ఉండదు. కార్తికం, మార్గశిరం నాటి చలి ఉదయాల్లో ఎండ తగిలేదాకా అవి గడ్డిపోచకి అంటుకుని కదలకుండా ఉంటాయి. సూదితూనీగ కళ్ళ నిండా మంచు బొట్లతో దొరికేది అప్పుడే. ఎనిమిది దాటితే లేచి పోతాయి. ఈ పని చేయాలంటే తెల్లవారకముందే లేవక తప్పదు.

ఒక బెండ మొక్క చాలు

ఇప్పుడు హైదరాబాదు, విజయవాడ, విశాఖల్లో మిద్దె తోటలు బాగా పెరిగాయి. మాక్రో నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదని నా నమ్మకం. అడవికి వెళ్ళనక్కర్లేదు. ఒక్క బెండ మొక్క, ఒక్క కరివేపాకు చెట్టు ఉంటే సీజనంతా పని దొరుకుతుంది.

బెండ ఆకు పైన సన్నటి తెల్లటి చుక్కలు పడి, పచ్చదనం తగ్గి పాలిపోయినట్టు కనిపిస్తే ఆకు తిప్పి చూడండి. కంటికి ఎర్రటి దుమ్ము పడ్డట్టుంటుంది. లెన్సు పెడితే ఆ దుమ్ము నడుస్తూ ఉంటుంది. అవి ఎర్రనల్లి. ఎనిమిది కాళ్ళు, రెక్కలు లేవు, సాలీళ్ళ వంశం. ఈనెల మధ్య సన్నటి దారాలు అల్లుకుని, వాటి మధ్య గుండ్రటి గాజురంగు గుడ్లు పెడతాయి. ఆకు కణాల్లోంచి రసం పీల్చేస్తాయి. వేసవి వేడికి వారం పది రోజుల్లోనే ఒక తరం పూర్తవుతుంది. అందుకే మార్చి దాటాక అవి ఒక్కసారిగా ఉప్పెనలా వచ్చాయనిపిస్తుంది.

ఆ దారాల మధ్యే కాస్త ఓపికగా వెతికితే ఇంకో నల్లి కనబడుతుంది. నున్నగా, నిగనిగలాడుతూ, వీటికన్నా వేగంగా పరిగెత్తుతూ ఉంటుంది. అది ఆకు తినదు. ఎర్రనల్లిని, దాని గుడ్లని తింటుంది. అర మిల్లీమీటరు వేటగాడు అర మిల్లీమీటరు ఎరను పట్టుకుని పీలుస్తుంటే ఎర ఒంట్లోని రంగు వేటగాడి పొట్టలోకి చేరడం బాగా పెద్దది చేసి చూస్తే కంటికి కనబడుతుంది. ఘాటైన పురుగుమందు కొట్టినప్పుడు ముందు చచ్చేది తరచుగా ఈ వేటగాడే. ఎర్రనల్లిలో కొన్ని తట్టుకుని బతుకుతాయి, శత్రువు లేడు కాబట్టి మళ్ళీ రెట్టింపవుతాయి. మందు కొట్టాక నల్లి పెరిగిందని రైతులు చెప్పేది నిజమే. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులకి ఈ చెడ్డపేరు ఎప్పట్నుంచో ఉంది.

అదే ఆకు మీద ఒక్కోసారి సన్నటి తెల్లటి పోగులు నిటారుగా నిలబడి, ఒక్కోదాని కొసన ఒక్కో గుడ్డు ఉంటుంది. అవి అల్లిక రెక్కల పురుగు గుడ్లు. తల్లి ముందు ఆకు మీద ఒక జిగురు చుక్క పెట్టి, పొట్ట పైకెత్తి దాన్ని దారంగా సాగదీసి, గట్టిపడ్డాక కొసన గుడ్డు పెడుతుంది. ఎందుకంటే పిల్లలు పుట్టీ పుట్టగానే ఎదురైనదాన్నల్లా తింటాయి, పక్క గుడ్డు తోబుట్టువైనా సరే. ఆ పిల్ల పురుగు కొడవలి లాంటి కోరలతో పేనుబంకను గుచ్చి పీల్చేస్తుంది. పేనుబంక గుంపులో కొన్ని ఉబ్బి, గోధుమరంగుకి తిరిగి, కదలకుండా ఉంటాయి. వాటి వీపు మీద గుండ్రంగా కోసినట్టు ఒక రంధ్రం ఉంటే లోపల పెరిగిన చిన్న కందిరీగ బయటికి వెళ్ళిపోయిందన్నమాట. ఆ రంధ్రపు మూత ఇంకా అంటుకుని వేలాడుతూ ఉండగా తీసిన ఫొటో నాకెంతో ఇష్టం. ఒక చావూ ఒక పుట్టుకా రెండూ అందులో ఉన్నాయి.

మందారం మీద పిండినల్లి పట్టిందని బాధపడనివాళ్ళు లేరు. ఆ తెల్లటి పిండి మధ్య ఒక ముద్ద నెమ్మదిగా, ఆగకుండా కదులుతుంటే జాగ్రత్తగా చూడాలి. అది ఒక సీతాకోకచిలుక గొంగళిపురుగు కావచ్చు. ఏప్‌ఫ్లై అనే ఆ సీతాకోకచిలుక గొంగళి ఆకు తినదు, పిండినల్లినే తింటుంది. వాటి పిండినే ఒంటికి పూసుకుని వాటి మధ్యే తిరుగుతుంది. తర్వాత అది మారే ప్యూపా కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది. దాన్ని పైనుంచి లెన్సులో చూస్తే కళ్ళు, ముక్కు, మూతితో సహా కోతి ముఖం కనబడుతుంది. ఏప్ అంటే వానరం, దానికా పేరు అందుకే వచ్చింది. పిండినల్లి కనబడగానే ఆ కొమ్మ మీద మందు కొట్టేస్తే చూడగలిగేది కాదు ఇది.

కరివేపాకు, నిమ్మ చెట్ల మీద గొంగళి గురించి అందరికీ తెలుసు. చిన్నప్పుడు అది పిట్ట రెట్టలా తెలుపూ గోధుమరంగూ కలిసి ఉంటుంది. పెద్దయ్యాక పచ్చబడుతుంది. తాకితే తల వెనక నుంచి నారింజ, ఎరుపు రంగుల్లో చీలిన కొమ్ము బయటికి తీసి ఘాటైన వాసన వదులుతుంది. కొమ్ము బయట ఉండేది కొన్ని సెకన్లే. ఆ ఫొటో కోసం గొంగళిని పదేపదే గుచ్చడం మాత్రం వద్దు. దానికి అది భయంతో చేసే పని.

మామిడి, సపోటా చెట్ల మీద ఆకులు కుట్టి గూళ్ళు కట్టుకునే ఎర్రచీమల వరసలో ఒక చీమ కాస్త తేడాగా నడుస్తుంటే దాని కాళ్ళు లెక్కపెట్టండి. ఎనిమిది ఉంటే అది దూకే సాలీడు. ముందు కాళ్ళు రెండూ మీసాల్లా పైకెత్తి ఆడిస్తుంది. మగదాని కోరలు ఎంత పొడవంటే ఒక చీమ ఇంకో చీమను మోసుకెళ్తున్నట్టు ఉంటుంది. ఆ ఎర్రచీమలంటే చాలా జంతువులకి భయం కాబట్టి వాటి వేషం వేసుకుంటే ప్రాణానికి భరోసా. ఎంత వేషం వేసినా కళ్ళు దాచలేదు. లెన్సులో అవే పట్టిస్తాయి.

ఆరుద్ర కార్తెలో

నల్లి అనగానే కంటికి కనబడనిదే అనుకుంటాం. మన నేల మీద కనిపించే నల్లి ఒకటుంది, అదీ అందరికీ ఇష్టమైనది. ఆరుద్ర పురుగు. జూన్ మూడో వారం దాటి ఆరుద్ర కార్తె వచ్చి, తొలి వానలకి నేల తడిసీ తడవగానే చెలకల్లో, ఇసుక నేలల్లో ఎర్రటి మఖమల్ ముద్దలు నడుస్తాయి. పల్లెటూళ్ళలో పుట్టినవాళ్ళెవరైనా దాన్ని అరచేతిలో పెట్టుకుని కాళ్ళు ముడుచుకోవడం చూసే ఉంటారు. సెంటీమీటరు దాకా పెరిగే ఈ ప్రాణి నల్లుల్లో మహాకాయం. ఏడాదిలో చాలా భాగం భూమిలోనే గడిపి, వానకి తిండి కోసం, జత కోసం పైకి వస్తుంది. చెదపురుగుల్ని తింటుంది. దాని పిల్లలకి ఆరే కాళ్ళు. మిడతల వంటి పురుగులకి అంటుకుని వాటి రసం పీల్చి పెరుగుతాయి. పెద్దయ్యాక ఎనిమిది కాళ్ళు వస్తాయి. ఆ ఎరుపు పిట్టలకి హెచ్చరిక: నేను రుచించను, జోలికి రాకు అని.

ఫొటో తీసేవాళ్ళని ఏడిపించేది కూడా ఆ ఎరుపే. కెమెరా తనంతట తాను వెలుగు లెక్కేసుకుంటే ఎరుపు పొంగిపోయి పురుగంతా ఒకే రంగు ముద్దవుతుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించి, వెలుగు పక్క నుంచి పడేలా చూసుకుంటే వెంట్రుక వెంట్రుకా విడివిడిగా వస్తుంది. నేల మీద బోర్లా పడుకుని, కెమెరాను పురుగు ఎత్తుకి దించి తీయాలి. అప్పుడే ముందు కాళ్ళతో అది దారి తడుముకోవడం తెలుస్తుంది.

ఈ పురుగుల్ని ఏరి, నూనె తీసి నాటుమందుల్లో అమ్మడం చాలా చోట్ల ఉంది. జత కట్టడానికి బయటికొచ్చిన వారాల్లోనే ఏరేస్తే మరుసటి ఏడు వచ్చేవి ఎక్కడివి? ఫొటో తీసి వదిలేయడమే దానికి మనం చేయగల మేలు.

మన రైతుకి లెన్సు ఇచ్చే చూపు ఎంత అవసరమో మిరప తోటలు చెబుతాయి. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని గుంటూరు, ఖమ్మం రైతులకి తరాలుగా తెలుసు. 2021లో ఆ లెక్క తప్పింది. పూతలో నల్లటి తామర పురుగులు గుంపులుగా చేరి పిందె నిలవనివ్వలేదు. అది త్రిప్స్ పార్విస్పైనస్ అనే బయటి జాతి. మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మొదట గుర్తించారు. ఒక మిల్లీమీటరు పొడవు. పాతదేదో కొత్తదేదో చెప్పాలంటే ఒంటి రంగు, రెక్కల మీది వెంట్రుకల అమరిక చూడాలి. అంటే లెన్సు కావాల్సిందే. ఏ పురుగో తేలకముందే దొరికిన మందులన్నీ కలిపి కొట్టిన రైతుల అప్పులు ఆ ఏడాది ఎంత పెరిగాయో ఖమ్మం, వరంగల్, గుంటూరు పల్లెలకి తెలుసు. ప్రతి ఊళ్ళో ఒకరి దగ్గర ఒక క్లిప్ లెన్సు, వాట్సాప్‌లో ఒక వ్యవసాయ శాస్త్రవేత్త నంబరు ఉంటే రెండు మూడు వారాలు కలిసొస్తాయి. ఆ రెండు మూడు వారాలే పంటకి కీలకం.

బ్రాందీ తాగిన చీమ

చిన్న ప్రాణుల బొమ్మలు చూపించి జనాన్ని నివ్వెరపరచిన మొదటి పుస్తకం రాబర్ట్ హుక్ రాసిన ‘మైక్రోగ్రాఫియా’. 1665లో లండన్‌లో వచ్చింది. సూక్ష్మదర్శినిలో చూసి ఈగ కళ్ళని, పేనుని, దూకే ఫ్లీ అనే పురుగుని పెద్ద పెద్ద పుటల్లో గీశాడు. చీమ కుదురుగా నిలబడక ఇబ్బంది పెడితే దానికి బ్రాందీ పట్టించాడు. అది సోలిపోయింది. గీయడం అయ్యాక గంటకో ఎప్పటికో లేచి పరిగెత్తిందని ఆయనే రాసుకున్నాడు.

కెమెరాతో ఆ పని పెద్ద ఎత్తున చేసినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది డేవిడ్ ఫెయిర్‌చైల్డ్, మరియన్ దంపతుల్ని. ఆయన దేశదేశాలు తిరిగి పంటలు సేకరించిన వృక్షశాస్త్రవేత్త, మన మామిడి రకాల్ని అమెరికాకి చేర్చినవాళ్ళలో ఒకడు. ఆమె టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ కూతురు. మేరీలాండ్‌లోని తమ ఇంటి పెరట్లో దొరికిన మిడతల్ని, సాలీళ్ళని చాలా పొడవాటి కెమెరాతో ఎదురుగా ముఖాలు కనబడేలా తీసి 1914లో ‘బుక్ ఆఫ్ మాన్‌స్టర్స్’ అని పుస్తకం వేశారు. పేరులో రాక్షసులున్నా ఆ ఫొటోల్లో ఉన్నది ప్రేమే.

సిడ్నీలో యూర్గెన్ ఓటో అనే ఆయన వృత్తిరీత్యా నల్లుల మీద పనిచేసిన శాస్త్రవేత్త. నడక దారిలో కాలి దగ్గర దూకిన ఒక సాలీడు ఆయన దారి మార్చింది. మగ నెమలి సాలీడు 4, 5 మిల్లీమీటర్లే ఉంటుంది. ఆడదాని ముందు పొట్ట మీది రంగుల పింఛం విప్పి, మూడో జత కాళ్ళు పైకెత్తి ఊపుతూ నాట్యం చేస్తుంది. ఓటో తీసిన వీడియోలతోనే ప్రపంచం ఆ నాట్యం చూసింది. ఆ తర్వాత ఆయన, సహచరులు కొత్త జాతులకి వరసగా పేర్లు పెడుతూ వచ్చారు. ఇక లండన్‌కి చెందిన లెవన్ బిస్ 2016లో ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలో పెట్టిన ప్రదర్శనలో ఒక్కో పురుగు బొమ్మ దాదాపు 8,000 ఫొటోలు కలిపి చేసినది. అద్భుతమే. కానీ అవి మ్యూజియం డ్రాయర్లలోని చచ్చిన పురుగులు. నా మనసు మాత్రం బతికున్న పురుగుని దాని ఆకు మీదే తీసినవాళ్ళ వైపే మొగ్గుతుంది, ఒక కాలు మసకగా వచ్చినా సరే.

ఎందుకంటే అడ్డదార్లు ఎక్కువయ్యాయి. పురుగును ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబార్చి తీయడం, జిగురుతో కొమ్మకి అతికించడం, మంచు బొట్లని స్ప్రే బాటిల్‌తో కొట్టడం. చలికి కాళ్ళు ముడుచుకున్న పురుగు, మామూలుగా కూర్చున్న పురుగు ఒకలా ఉండవు. పురుగులు తెలిసినవాళ్ళు ఫొటో చూడగానే పోల్చేస్తారు. హుక్ చీమ కనీసం లేచి వెళ్ళింది.

ఇంకో జాగ్రత్త. అరుదైన ప్రాణి దొరికిందని ఆ చోటుని ప్రపంచమంతటికీ చాటకూడదు. దానికి మన దగ్గరే ఉదాహరణ ఉంది. నీలంరంగు గుత్తి సాలీడును 1899లో అనంతపురం జిల్లా గుత్తి దగ్గర దొరికిన ఒక్క నమూనాతో పోకాక్ అనే శాస్త్రవేత్త లోకానికి పరిచయం చేశాడు. తర్వాత వందేళ్ళకి, 2001లో, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ కనబడింది. అదేమీ చిన్న ప్రాణి కాదు, అరచేతిని కప్పేంత పెద్దది. దాని అందమే దానికి ముప్పు తెచ్చింది. విదేశాల్లో పెంపుడు జంతువుల బజారుకి చేరింది. అడవి నరికివేత దానికి తోడైంది. ఇప్పుడది అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో ఉంది.

ఒక ఫొటో, ఒక కొత్త జాతి

ఫొటో చూసి శాస్త్రం ముందుకు నడిచిన సందర్భాలూ ఉన్నాయి. 2011లో మలేషియాలో గువెక్ హాక్ పింగ్ అనే ఫొటోగ్రాఫర్ కౌలాలంపూర్ దగ్గరి అడవిలో ఒక అల్లిక రెక్కల పురుగుని తీశాడు. రెక్కల మొదట్లో నల్లటి గీతలు, వాటి మధ్య నీలపు చుక్కలు. తీశాడు, అది ఎగిరిపోయింది, ఇంటర్నెట్‌లో పెట్టాడు. కాలిఫోర్నియాలో షాన్ వింటర్‌టన్ అనే కీటక శాస్త్రవేత్త ఆ ఫొటో చూసి ఇది తనకి తెలిసిన ఏ జాతీ కాదని గుర్తుపట్టాడు. ఫొటో ఒక్కటే చాలదు, పురుగు కావాలి. ఏడాది తర్వాత గువెక్ అదే అడవిలో మళ్ళీ ఒకటి పట్టుకుని లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో స్టీవ్ బ్రూక్స్‌కి పంపాడు. 2012లో ముగ్గురూ కలిసి ‘సెమాక్రైసా జేడ్’ పేరుతో దాన్ని ప్రకటించారు. జేడ్ వింటర్‌టన్ కూతురు పేరు.

మన దేశంలో కొత్త జాతి కోసం అడవి దాకా కూడా వెళ్ళక్కర్లేదు. ముంబయిని ఆనుకుని ఉన్న ఠాణెలో దొరికిన ఒక చిన్న దూకే సాలీడుకి 2021లో ‘ఇసియస్ తుకారామి’ అని పేరుపెట్టారు. 26/11 ముంబయి దాడి నాడు ఉగ్రవాది కసబ్‌ను పట్టుకుని తూటాలకి ప్రాణమిచ్చిన పోలీసు తుకారాం ఓంబ్లే పేరది. అంత కిక్కిరిసిన నగరం అంచునే ఎవరూ నమోదు చేయని జాతి బతుకుతోందంటే మన కడియం నర్సరీల్లో, కరీంనగర్ చెలకల్లో, శ్రీకాకుళం జీడితోటల్లో ఏమేమున్నాయో వెతికి చూడాల్సిందే. నల్లుల సంగతి మరీనూ. ప్రపంచంలో పేర్లు పెట్టినవే 50 వేలు దాటాయి. పేర్లు పెట్టనివి అంతకన్నా చాలా ఎక్కువని శాస్త్రవేత్తలందరూ ఒప్పుకుంటారు.

ఈ పనికి డిగ్రీలు అక్కర్లేదు. ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ వంటి చోట్ల ఎవరైనా ఫొటో పెట్టవచ్చు, తెలిసినవాళ్ళు గుర్తుపట్టి చెబుతారు. ఫొటో ఎంత అందంగా ఉందన్నది అక్కడ ముఖ్యం కాదు. పైనుంచి ఒకటి, ముఖం కనబడేలా ఒకటి, పక్క నుంచి ఒకటి ఉండాలి. దానితోపాటు తేదీ, ఊరు, ఏ మొక్క మీద దొరికిందో రాయాలి. ఆ మూడు వివరాలు లేని ఫొటో గోడకి తగిలించుకోవడానికి బాగుంటుంది, పరిశోధనకి పనికిరాదు.

ఈ ఆదివారం మీ ఇంటి మొక్కల్లో ఒకదాని ఆకు మెల్లగా తిప్పి, ఫోను దగ్గరగా పెట్టి చూడండి. పిల్లలుంటే వాళ్ళ చేతికే ఫోనివ్వండి, వాళ్ళకి మనకన్నా ఓపిక ఎక్కువ. కనబడినదాన్ని తీసి, తేదీ, చోటు, మొక్క పేరు రాసిపెట్టండి. ఎవరు తినేవాళ్ళో, ఎవరు కాపలావాళ్ళో తెలుసుకున్నాకే మందు కొట్టాలా వద్దా అన్నది తేల్చుకోండి.